పది డిగ్రీలకు మోగని అలారం

జూన్ 3, మంగళవారం
మందుల కోల్డ్‌రూమ్ ప్రాజెక్టు. గదిలో ఎన్ని డిగ్రీలున్నాయో సెన్సర్లు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో పంపుతాయి. ఎనిమిది దాటితే మా ప్రోగ్రామ్ అలారం మోగించాలి. ఫైల్లో అంకెలు కూడా అక్షరాలుగానే, అంటే స్ట్రింగులుగానే వస్తాయి కాబట్టి, వాటిని సంఖ్యలుగా మార్చే లైన్లు రాశాను. ఒక సెన్సర్ ఖాళీ విలువ పంపింది... ప్రోగ్రామ్ ఆగిపోయింది. టీమ్ లీడ్ సురేశన్న నా సీటు దగ్గరికొచ్చాడు.
"రేపు డెమో ఉండాదప్పా. మధ్యలో ఆగితే పరువు పోతాది. మార్చేది తీసెయ్, అన్నీ స్ట్రింగులుగానే ఉండనీ."
"అన్నా, అక్షరాలుగా పోలిస్తే—"
"నేను చూసుకుంటాలే."
తీసేశాను. ఆయన మాట మీద నాకు అంత నమ్మకం.

జూన్ 4
డెమోలో తొమ్మిది పెట్టారు, అలారం మోగింది. చప్పట్లు. తర్వాత బ్రూక్‌ఫీల్డ్‌లో అన్న వాళ్లింట్లో రాగిముద్ద. "మా తమ్ముని మాదిరి ఉండాడు" అని వదినకు నన్ను చూపించాడు.

జూన్ 16, సోమవారం
కోల్డ్‌రూమ్ పది డిగ్రీలకు పోయింది. అలారం మోగలేదు. అక్షరాలను పోల్చేటప్పుడు ప్రోగ్రామ్ ముందు మొదటి అక్షరమే చూస్తుంది — పదిలో మొదటిది ఒకటి, ఒకటి కన్నా ఎనిమిది పెద్దది, అందుకే పది చిన్నదైపోయింది. ఇన్సులిన్ అంతా పారబోశారట.

జూన్ 17
మీటింగ్. ఆ లైన్లు ఎవరు తీశారని మేనేజర్ మేడమ్ అడిగింది. అన్న నా వైపు చూడలేదు. "కొత్తోడు మేడమ్. నాకు చెప్పకుండా తీసినాడు."
ఈ నెలాఖరుకే నా ప్రొబేషన్ అయిపోతుంది, ఆయనకు తెలుసు. తెలిసే గొంతు కోశాడు.

జూన్ 18
ప్యాంట్రీలో నిలదీశాను. కాఫీ కలుపుకుంటూనే ఉన్నాడు.
"నాకు పిల్లోళ్లు ఉండారప్పా. నీది చిన్న వయసు, ఇంకోటి దొరుకుతాది."
తమ్ముడట. తమ్ముడు!

జూన్ 19
మార్చే లైన్లు మళ్లీ పెట్టాను. ఖాళీ విలువ వస్తే ఆగిపోకుండా, దానికీ అలారం మోగేలా రాశాను. పట్టింది ఒక్క పూట. ఆ రోజే చేయనిచ్చి ఉంటే... పది పెట్టి చూశాను, మోగింది. తన సీట్లో అన్న తలెత్తలేదు.

జూన్ 20, శుక్రవారం
వచ్చే సోమవారం నన్ను ఒక్కణ్నే తన గదికి రమ్మంది మేడమ్. "ఏం జరిగిందో నువ్వే చెప్పు" అంది.
సాయంత్రం వదిన ఫోన్. "ఏమప్పా, ఆదివారం భోంచేసేకి రా. మీ అన్న సరిగ్గా తింటా లేడు. ఆఫీసులో ఏమైనాదో నువ్వన్నా చెప్పు."
వస్తానన్నాను. ఎందుకన్నానో.