రాయుడి అక్షరం

మదనపల్లె,
8-3-1982.

కుప్పంలో వదినగారింట ఉన్న బావగారికి, రంగనాయకమ్మ నమస్కరించి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ, పాప మునిలక్ష్మీ ఏ లోటూ లేకుండా ఉన్నాం. అక్కడ మీరూ, సుభద్రమ్మ వదినా, అన్నయ్యగారూ సుఖంగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం శుక్రవారం చేరింది. పోస్ట్‌మేన్ కవరు తిప్పి తిప్పి చూసి, "ఎవురో పలక పట్టిన పిల్లోడు రాసినట్టుండాదే అమ్మా" అన్నాడు. ఏడు నెలలుగా అన్నయ్య చేత రాయిస్తున్నవారు ఈసారి ఎడమచేత్తో మీరే రాశారని చూడగానే తెలిసింది. తలకట్లు అన్నీ ఒక పక్కకు ఒరిగాయి గానీ వరస మాత్రం ఎక్కడా తప్పలేదు. గీతల్లేని కాగితం మీద అంత తిన్నగా రాయడం నాకు ఈ జన్మకు రాదు. ఆ ఉత్తరం బియ్యం డబ్బా మీద పెట్టుకొని మూడు రోజులుగా చదువుతున్నాను. జవాబు ఆలస్యమైంది అందుకే.

అడిగినవి ముందు చెబుతాను. మునిలక్ష్మికి దగ్గు పూర్తిగా తగ్గింది. టీ కొట్టు కదిరప్ప తమలపాకు రసంలో తేనె కలిపి తాగించమన్నాడు, దానికి తగ్గిందో, తనంతట తానే తగ్గిందో చెప్పలేను. వంటింటి వైపు పెంకులు మార్పించాను. మీ సైకిల్ వాడకుండా ఉంటే తుప్పు పడుతుందని కదిరప్పనే తొక్కుకోమన్నాను. అతని కొట్టు పక్కనే కాబట్టి పగలంతా అది మన అంగడి ముందే ఉంటుంది. వచ్చేవాళ్లు మీరు లోపల ఉన్నారనుకొని పిలుస్తుంటారు.

ఇక రెండో పేజీలో మీరు రాసిన మాటలకు వస్తాను. "గోవిందస్వామి బస్సు కుప్పం బస్టాండులో చూసినాను. అక్షరం నా మాదిరే ఉండాది, కానీ నాది కాదు. నా కుంచెలు ఎవుడి చేతికిచ్చినావు? నిచ్చెన వేసేదానికి కూడా చేతకాని వాడికి ఇంక అంగడి యాల? నిచ్చెన, కుంచెలు, డబ్బాలు అమ్మేసి నువ్వూ పాపా ఈడికే వచ్చేయండి."

కుంచెలు ఎవరికీ ఇవ్వలేదు బావా. ఆ బస్సు మీద రాసింది నేనే.

ఇది చదివి మీరు కాగితం కింద పెట్టేసి ఉంటారు. కాసేపు అలాగే ఉండి, మళ్లీ తీసుకోండి.

మార్గశిర మాసంలో పుంగనూరు గోవిందస్వామి వచ్చాడు. పాత బస్సు కొని కొత్త రంగు వేయించాడట, పుష్యం రాకముందే పూజ చేసి తిప్పాలట. ఊళ్ల పేర్లు మీరే రాయాలని ఆయన పట్టు. మీరు కుప్పంలో ఉన్నారని, చెయ్యి ఇంకా స్వాధీనం కాలేదని చెప్పాను. ఆయన ఉసూరుమని మెట్టు దిగుతుంటే నా నోటి నుంచి, "ఊళ్ల పేర్లు చెప్పిపోండన్నా, రాసిచ్చే పూచీ మాది" అనే మాట వచ్చేసింది. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. పన్నెండేళ్లు మీకు కుంచెలు కడిగిచ్చాను. ఏ అక్షరానికి మీ మణికట్టు ఎటు తిరుగుతుందో చూస్తూనే ఉన్నాను. చూడడం వేరు, రాయడం వేరు అని ఆయన వీధి దాటక ముందే భయం పట్టుకుంది.

మీరు సుద్దదారంతో పైనొక గీత, కిందొక గీత కొట్టి, మధ్యలో చూపుతోనే కొలుచుకొని రాసేస్తారు. నాకు ఆ చూపు లేదు. గోడకు ఆనించిన పాత రేకు మీద 'మదనపల్లె' రాస్తే 'మదన' దగ్గరే రేకు అయిపోయింది. ఏడుపొచ్చింది. తెల్లారి వాకిలి చల్లి ముగ్గుకు చుక్కలు పెడుతున్నాను. పదిహేను చుక్కల వరస పెట్టాక, అసలు ముగ్గు వేయబుద్ధి కాలేదు. ఆ చుక్కల మీదే 'మ' దిద్దాను. 'మ'కు నాలుగు చుక్కలు పట్టాయి, 'ద'కు మూడే చాలు. ల వత్తుకు కింద రెండు వరసలు వదిలితే ఊరంతా వాకిట్లో సరిపోయింది. మరుసటి రోజు పుంగనూరు, ఆ మరుసటి రోజు పలమనేరు. ఎదురింటి అంజమ్మ చూసి, "ఏం రంగనాయకమ్మా, మీ వాకిట్లో బస్సు నిలస్తాదా?" అని పగలబడి నవ్వింది. ఐదు రోజుల్లో కుప్పం దాకా పోయాను. కుప్పం మాత్రం రెండుసార్లు వేశాను. మీరున్న ఊరు వంకరగా ఉండకూడదని.

బస్సు దగ్గరికి పోయిన రోజు చెప్తాను వినండి. షెడ్డు ముందర పదిమంది చేరారు. నేను కొంగు నడుముకు చుట్టి నిచ్చెన మీద కాలు పెట్టేసరికి ఒక పెద్దమనిషి గోవిందస్వామితో, "ఏమప్పా, ఆడమనిషి చేత రాయిస్తాండావా? బస్సు పైకొస్తాదా?" అన్నాడు. గోవిందస్వామి ముఖం మారింది. ఆయన మంచివాడే, కానీ పదిమంది మాట వింటే మెత్తబడతాడు.

"అమ్మా, రాయుడు లేచినాక రాయించుకుంటాంలే, ఇప్పుడు పోనీ" అన్నాడు.

"ఒక ఊరు రాస్తానన్నా. సూడు. బాగా లేకుంటే టర్పెంటైన్ పెట్టి నేనే తుడిచిపోతా. మళ్లా నీ గడప తొక్కను" అన్నాను.

కదిరప్ప నిచ్చెన పట్టుకున్నాడు. సుద్దముక్కతో చుక్కలు పెడుతుంటే కింద నవ్వులు వినిపించాయి. ముగ్గు వేస్తాండాది అని ఎవరో అన్నారు. 'పుంగనూరు'లో మొదటి సున్నా కోడిగుడ్డులా వచ్చింది. తుడిచాను. రెండోసారి గుండ్రంగా నిలబడింది. 'నూ' దగ్గర ఊపిరి బిగబట్టాను. 'రు' కొమ్ము దిగేటప్పటికి కింద నవ్వులు లేవు. నేను దిగి చూస్తే ఆ పెద్దమనిషే దగ్గరికొచ్చి, పచ్చి రంగుకు తగలకుండా గాల్లో వేలితో గీస్తూ, "రాయుడు రాసినట్టే ఉండాదే!" అన్నాడు. మిగతా ఊళ్లు రెండు రోజుల్లో రాశాను. అడుగున మీరు మామూలుగా రాసే 'రాయుడు' అన్న పేరు ఎందుకు లేదని గోవిందస్వామి అడిగాడు. తర్వాత రాస్తానన్నాను. మీ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో ఇంకా కింద రాస్తాను.

ఆ బస్సు చూసి వచ్చిన మనిషే పూలమ్మ. పెద్దపంజాణి పక్క పల్లె. మెట్ట సేద్యం, వేరుశనగ, నాలుగు గొర్రెలు. నిరుడు ఆమె కొడుకు దొరస్వామి, ఇరవై రెండేళ్లవాడు, జ్వరంతో పోయాడు. వాడి పేరు మీద రోడ్డు వారన పశువులకు నీళ్లతొట్టి కట్టించింది. పేరు రాసిపెట్టమని నడుచుకుంటూ వచ్చి, బస్సెక్కి, మన అంగడి వెతుక్కుంది.

మాఘమాసంలో పోయాను. తొట్టి సున్నం వేసి తెల్లగా ఉంది. ఏం రాయాలమ్మా అంటే, "దొరస్వామి అని రాయి. తేదీలు వద్దు. వాడు పోయిన దినం నాకు గుర్తుండాది, గొర్రెలకెందుకు?" అంది. నేను రాస్తున్నంతసేపూ పక్కన గొంతుకూర్చుంది. తొట్టి అంచు పట్టుకొని అక్షరం అక్షరం అడిగింది. "ఇది యేందమ్మా?" 'దొ' అన్నాను. "ఇదో?" 'ర'. "ఈ కింద వేలాడేది?" 'స్వా'కు ఉండే వత్తు అన్నాను. ఆమెకు చదువు లేదు. రంగు ఆరాక నా చేత తన వేలు పట్టించుకొని నాలుగక్షరాల మీదా ఒకసారి పోనిచ్చింది. రెండోసారి తానే పోనిచ్చింది. మూడోసారి నేను చెయ్యి వెనక్కు తీసుకున్నాను.

దారిన పోయే గొర్రెలకాపరి ఒకడు ఆగి, ఏం జబ్బు చేసింది పిల్లోడికి అని అడిగాడు. నేనైతే కళ్లు దించుకునేదాన్ని. ఆమె దించుకోలేదు.

"జరమప్పా. వేరుశనగ పెరికే కాలం. రెండు దినాలు పోనీలే, పని అయినాక మదనపల్లె ఆసుపత్రికి పిలుసుకొని పోదాం అనుకొంటి. ఆ రెండు దినాలే. నాదే తప్పు" అంది.

కాపరి మందను తోలుకొని పోయాడు. నేను ఉండబట్టలేక, "యాల పెద్దమ్మా, అడిగినోళ్లందరికీ అట్ల చెప్తావు?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "దేవుడు తీసుకొనిపొయ్యె అని ఆరు నెలలు చెప్తిని. అట్ల చెప్పిన దినమంతా కొడుకు ముఖం కండ్లకు రాదు. నిజం చెప్పినాకే వాడు నవ్వుతా కనపడినాడు. నాకు వాడు కావల్లమ్మా, నా పరువు యాడికి పోతే నాకేమి?" అంది.

బావా, ఆ రోజు బస్సులో ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. అప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూ, వేరే ఉత్తరాలు రాశాను. పెంకుల గురించి, పిల్ల చదువు గురించి రాశాను. ఇప్పుడు మీరు "నిచ్చెన వేసేదానికి కూడా చేతకాని వాడు" అని మీ గురించి మీరే రాసుకున్నాక, ఇంక దాచితే నేను మనిషిని కాను.

మీరు పడిన రోజు శ్రావణ మాసం, శనివారం. పుంగనూరులో నూనె మిల్లు గోడ. నిచ్చెన పట్టే మనిషి రాలేదని నన్ను తీసుకెళ్లారు. కింద నున్నటి సిమెంటు. గట్టిగా పట్టుకో, వదలొద్దు అని రెండుసార్లు చెప్పారు. నేను పట్టుకున్నాను. మీరు 'వేరుశనగ నూనె' రాస్తున్నారు. 'శ' రాస్తున్నప్పుడు కుంచె పైనుంచి వంగి, కింద ఒక సుడి తిరిగి, ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. కిందనుంచి నాకు సగమే కనిపించింది. ఆ అక్షరం మొత్తంగా ఎలా ఉందో చూడాలనిపించింది. చూసి నేర్చుకోవాలనిపించింది. అప్పటికే నాకు ఆ పని మీద ఆశ ఉండేది, మీకెప్పుడూ చెప్పలేదు. రెండు చేతులూ వదిలేసి నాలుగు అడుగులు వెనక్కు నడిచాను. ఎంత బాగుందో అని అనుకుంటూ ఉన్నాను. నిచ్చెన కాళ్లు నేల మీద జారిన చప్పుడు వినిపించింది.

మీకు తెలియదు. మీరు గోడవైపు తిరిగి ఉన్నారు. మిల్లు వాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి నేను మీ తల ఒళ్లో పెట్టుకొని ఉన్నాను. పుత్తూరులో విరిగిన కుడిచేతికి కట్టు కట్టించుకొని బయట అరుగు మీద కూర్చున్నప్పుడు మీరు, "వాలు ఎక్కువ పెట్టినట్టుండాను రంగా. ఇన్నేండ్ల పని, ఎట్ల మరిచిపోతిని?" అన్నారు. నేను అవునన్నాను. చేతులు వదిలేయడం ఒక క్షణం పొరపాటు. ఆ అవునన్న మాట పొరపాటు కాదు, తెలిసి అన్నాను. ఆ మాటతోనే మీరు మీ మీద మీకున్న నమ్మకం పోగొట్టుకున్నారు. ఏడు నెలలు మీరు మీ చేతిని కాదు, మీ తెలివిని అనుమానించుకుంటూ వదిన ఇంట్లో కూర్చున్నారు. నేను ఇక్కడ మీ కుంచెలతో మీ అక్షరం రాసి మెప్పులు పొందాను. ఇది ఏ రకంగా చూసుకున్నా నాకు నిద్ర పట్టే సంగతి కాదు.

వాలు ఎక్కువ కాలేదు బావా. మీరు నిచ్చెన సరిగ్గానే వేశారు. పన్నెండేళ్లూ సరిగ్గానే వేశారు.

క్షమించమని అడగడం లేదు. అడిగితే మీరు వెంటనే ఇచ్చేస్తారని తెలుసు, మీ గుణం అది. అందుకే అడగను. అంగడి మాత్రం అమ్మను. మీరు ఎంత కోపంతో చెప్పినా అమ్మను. ఆ పని నాకు కావాలి. ఇది కూడా ఇప్పుడే చెప్తున్నాను, మీ కోసమే నడిపాను అని ఇంకో అబద్ధం మీద మనం నిలబడకూడదు. మీరు వచ్చి కూర్చుంటే మీ ఎదుట రాస్తాను. తప్పు వస్తే చెప్పేవాళ్లు లేక నా 'ఱ'లు, 'ణ'లు ఇంకా కుదరడం లేదు. పొడవు కొమ్ముల దగ్గర రంగు చారలు కడుతోంది. దానికి మీరేం చేసేవారో ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదు. మీరు రాకపోయినా నేను నేర్చుకుంటాను, ఆలస్యమవుతుంది.

ఈ ఉత్తరం మీకు బుధవారమో, గురువారమో అందుతుంది. వదినకు చదివి వినిపించండి, దాచవద్దు. తమ్ముడి చెయ్యి అలా కావడానికి కారణం ఆమెకూ తెలియాలి. ఆదివారం పొద్దున బస్సుకు మునిలక్ష్మిని తీసుకొని వస్తున్నాను. వదినకు ఇష్టమని రాగిపిండి, కొత్త చింతపండు తెస్తున్నాను. ఆమె తీసుకోనంటే మళ్లీ తెచ్చుకుంటాను.

మీరు తిడితే నిలబడి వింటాను. అరిచినా వింటాను, పిల్ల ముందరైనా సరే. ఎప్పటిలాగా పోనీలే రంగా అని మాత్రం అనవద్దు. ఈ ఒక్కసారి అనవద్దు.

ఇట్లు,
మీ అత్తకూతురు, మీ భార్య,
రంగనాయకమ్మ.