లేదనే మాట

వదినగారికి నమస్కారాలు.

పొద్దున్నుంచి ఫోన్ చేస్తుంటే మీరు "హలో, హలో" అని పెట్టేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మీ రజిని బంగారంలాంటి కోడలు. కానీ దుకాణమున్న ఇంట్లో లేదు అనే మాట అనకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. చెబితే నవ్వుతుంది. "లేనిదాన్ని లేదంటే ఏంది అత్తమ్మా?" అంటుంది.

అటుమొన్న దీపాలు పెట్టినాక పెరటి తలుపు అవతల ఎవరో ముసలామె గొంతు "ఉప్పుందా తల్లీ?" అని అడిగింది. ఆ వేళప్పుడు ఉప్పు ఇవ్వం కదా, పొద్దున రమ్మనాల్సింది. రజిని లేదనేసింది. తర్వాత చూస్తే, నిండుగా ఉన్న జాడీ ఖాళీ. మర్నాడు నూనె అడిగింది. డబ్బా కూడా అట్లే అయింది.

నిన్న ఆ గొంతు "మీ అత్త ఉందా?" అంది. నేను కునుకు తీస్తున్నాను. లేపడమెందుకని, పాపం మంచికే, "లేదు, పో" అంది పిల్ల.

ఇవాళ నేనెంత పిలిచినా రజిని పలకదు. నా ఎదురుగానే మావాడు "మా అమ్మ యాడికి పోయినాది?" అని వీధంతా అడుగుతున్నాడు.

ఈ ఉత్తరం అందగానే రజినికి ఫోన్ చేసి, మీ అత్త ఉందా అని అడగండి. ఒక్కసారి ఉందనిపించండి వదినా. నేను గడప దగ్గరే కూర్చుని ఉన్నాను.