అచ్చెన్న వంతు గ్లాసు

రంగూన్, జూలై 1926

ప్రియమైన బంగారయ్య బావగారికి,

చనిపోయినవాడికి దాహం వేస్తుందా? మీరు చదువుకున్న పాదిరిగారు, చెప్పండి. మీరు లేని ఆదివారాల్లో వాక్యం చెబుతాను గానీ, నేను మిల్లులో బియ్యం బస్తాలు మోస్తూ అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి.

అచ్చెన్న దగ్గుతో పోయాక మన సంఘం ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం ఒకే గిన్నెలో తాగడం మానేసింది. మీరు చిన్న గాజు గ్లాసులు తెప్పించారు. దగ్గుకి భయపడ్డారా, అచ్చెన్న పుట్టిన పేటకా? ప్రభువు ఆనాడు శిష్యుడికో గ్లాసు పెట్టాడా?

మీరు పెగూ నుంచి వచ్చి ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం, తెల్లవారగానే నేను ద్రాక్షరసం పోసి, తలుపు చేరవేసి, గంట కొట్టడానికి వెళ్తాను. తిరిగొచ్చేసరికి చివరి గ్లాసు, అచ్చెన్న ఉంటే అతని వంతుకొచ్చేది, ఖాళీ! అచ్చెన్న కూర్చునే బెంచీ తడి! మూడు నెలలుగా ఇదే.

"ఆడే, పంతులూ. మనం దూరం పెట్టినామని తిరుగుతున్నాడు" అంటోంది గుడి ఊడ్చే పైడితల్లి. అందరూ వణుకుతున్నారు. నాకూ వణుకే. అయినా రానివ్వండి, మనల్ని నిలదీయనివ్వండి!

ప్రభువునందు మీ
నీలకంఠం

పెగూ, జూలై

ప్రియమైన నీలకంఠం బావకు,

ఎలకో పిల్లో తాగి ఉంటుంది. నీ నోటికి తాళం ఎలాగూ పడదు, గుడి తలుపుకైనా వెయ్యి.

అచ్చెన్న భార్య, ఆ బర్మా మనిషి ఆయే ఆయే, బాప్తిస్మం సంగతి మళ్లీ ఎత్తకు. మన సంఘంలో చేరేవాళ్లు ప్రశ్నలకి పుస్తకం తెలుగులో జవాబు చెప్పాలి, మొగుడి దగ్గర నేర్చిన నాలుగు మాటలు చాలవు. అది మిషను నియమం. ఆవిడకి బర్మా క్రైస్తవుల గుడి ఉంది కదా. చెల్లిని అడిగానని చెప్పు.

మీ మేలు కోరే
బంగారయ్య

రంగూన్, ఆగస్టు 2, సోమవారం

ప్రియమైన బావగారూ,

నిన్న తాళం వెయ్యలేదు. గంటకి పైడితల్లిని పంపి, నేను బల్ల వెనక నక్కాను. వానలో నది అవతలి దలా నుంచి పడవలో దాటి, తడిబట్టలతో ఆయే ఆయే వచ్చింది. అచ్చెన్న బెంచీ మీద కాసేపు కూర్చుంది. లేచి ఆ గ్లాసు తాగింది.

"ఏటమ్మా ఇది?" అన్నాను.

"బల్లకాడ సచ్చినోలు, బతికినోలు ఒకటే అని నువ్వే సెప్పినావు, పంతులూ. నా మనిసిని ఇంకెక్కడ కలుస్తాను?"

"మీ బర్మా గుడికి పోకూడదా?"

"ఆయన అక్కడ లేడు గదా."

దగ్గింది. నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ ఎర్రబడింది. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకుంది, అందుకే నిన్న మీరు బల్ల ఇచ్చి తిరిగి రైలెక్కేదాకా ఊరుకున్నాను. సాయంత్రానికి పడిపోయింది. పైడితల్లి ఇంట్లో ఉంది. డాక్టరు రేపటిదాకా కష్టం అన్నాడు. బాప్తిస్మం ఒక్కటే అడుగుతోంది.

దయ్యం లేదని తేలింది, సంతోషమేనా? బతికున్న మనిషిని దయ్యంలా ఆ బెంచీల మధ్య తిప్పింది మనమే, బావగారూ! ఇప్పుడా ఖాళీ బెంచీ చూస్తే ఇదివరకటి కన్నా ఎక్కువ భయమేస్తోంది.

బైబిల్లో ఎడారి దారిలో పరదేశి నీళ్లు చూపించి బాప్తిస్మం అడిగితే, ఫిలిప్పు అతని భాష అడిగాడా? రథం దిగాడు!

రైల్లో పనిచేసే అప్పలస్వామి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. బాప్తిస్మమిచ్చే అధికారం మీది. మీరు రాకపోతే పొద్దు గూకేలోగా నేనే ఇస్తాను, తరవాత నన్ను వెలివెయ్యండి. మధ్యాహ్నం బండి ఉంది. చెప్పులు తొడుక్కోండి. ఇవాళే రండి!

మీ నీలకంఠం