పెనుమూడి అమ్మాయి

కువైట్, 6-9-1977

నాన్నగారికి నమస్కారాలు, నేను కులాసా.

పని ఆశ చూపి తెచ్చిన ఆడవాళ్ళు ఎంబసీకి వస్తే, వెంట వచ్చినవాడి ఎదుట ఏమీ అడగకూడదని మాకు ట్రైనింగులో చెప్పారు. నిన్న ఒక తెలుగమ్మాయి వచ్చింది. ఏ ప్రశ్నకైనా వెంట వచ్చిన ఏజెంటే జవాబిస్తున్నాడు. ఫారం నింపమని అతన్ని పక్క గదికి పంపి, ఊరు అడిగాను.

"పెనుమూడండి. నా పాస్‌పోర్టు ఆ ఏజెంటు తన ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాడండి. మళ్ళీ ఆ ఇంటికి పంపొద్దండి" అంది.

పంపలేదు. కొత్త కాగితాలతో నెలాఖరుకు రేపల్లె చేరుతుంది. ఈ కార్డు నలుగురూ చదువుతారు, అందుకే పేరు, రైలు వివరాలు వేరే కవరులో రాశాను.

అక్క మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మను వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళండి. తనంతట తాను చెప్పేదాకా ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగవద్దు.

పిల్లలకు దీవెనలు.

మీ వెంకటరత్నం