కాచని పాలు

ఖుర్సీపార్, మంగళవారం

అమ్మా రజనీ,

ఫోను రెండుసార్లు తీసి పెట్టేశాను. అందుకే ఈ గీతలు. పక్కింటి జితేంద్ర క్యారేజీతో పాటు ఆసుపత్రికి తెస్తాడు.

అమ్ము విరేచనాలకి కారణం నేనేనేమో. రక్తం జబ్బుకి తండ్రి ఎముక మూలుగ ఎక్కించి పిల్లని ఇంటికి తెచ్చాక, ప్లేట్‌లెట్లు పెరగలేదని నువ్వు కళ్లు తుడుచుకోవడం చూశాను. ఇక్కడ డెంగ్యూ వస్తే, ప్లేట్‌లెట్లు పెరుగుతాయని బస్తీ అంతా మేకపాలకే పరిగెడుతుంది కదా! నువ్వు స్నానానికి వెళ్లినప్పుడల్లా మేకపాలు తెచ్చి దానికి పట్టాను. కాస్తే బలం పోతుందని కాచలేదు. "తాతా, వాసనొస్తంది" అంది. "ఏటే వాసన! స్టీలు ప్లాంటు ఫర్నేసు కాడ పనిచేసినోడి మనవరాలివి, తాగు" అన్నాను. తాగేసింది పిచ్చిది.

అది నీరసపడిపోతే నలుగురిలో నిన్నే అన్నాను, "నీళ్లు సరిగ్గా మరగబెడితే ఇలాగవునేటి?" అని. నువ్వు తల దించుకున్నావు. నాకు అప్పటికే అనుమానం ఉంది. అయినా అన్నాను.

ఇప్పుడు ఆ మూలుగే పిల్ల ఒంటితో పోట్లాడి విరేచనాలు తెప్పిస్తోందనుకుని, డాక్టర్లు దాన్ని అణిచే మందు ఇంకా పెంచుతారట. ఆ మందు వల్లే పిల్లకి ఏ పురుగునీ తట్టుకునే శక్తి లేదని నువ్వే చెప్పావు. మందు పెంచకముందే డాక్టరుకి పాల సంగతి చెప్పు. నా పేరు పెట్టే చెప్పు. తిట్టనీ.

నీ మామ
పోలయ్య


ఖుర్సీపార్, శనివారం

అమ్మా రజనీ,

నీ చీటీ జితేంద్ర చదవబోతే లాక్కుని నేనే కూడబలుక్కున్నాను. పాల సంగతి విని డాక్టరు వేరే పరీక్ష చేస్తే కంటికి కనపడని పురుగు దొరికిందన్నావు. ఆ మందు పెంచకుండా ఆపారన్నావు. గండం ఇంకా గడవలేదు గానీ, అమ్ము ఇడ్లీ అడిగిందన్నావు. ఆ మాట మళ్లీ మళ్లీ చదివాను.

తరవాతి మాట దగ్గర ఆగిపోయాను. అమ్ము పెదవి మీద పాలచార ఆ రోజే చూశావట. గ్లాసు వాసన కూడా చూశావట. "అడిగితే అరుస్తారని ఊరుకున్నాను మామయ్యా, తప్పు నాది కూడా" అని రాశావు.

కాదు. పాలు పట్టడం ఒక తప్పు. నన్ను అడగడానికే మనిషి భయపడేలా ఇల్లు నడపడం అంతకన్నా పెద్దది. రెండూ నావే. నువ్వు అందులో వాటా అడక్కు.

రేపు వస్తాను. నన్ను గుమ్మం దగ్గరే ఆపి, చేతులు కడిగావా, ఏం తెచ్చావు అని అడుగు. నర్సుల ముందే అడుగు. అరిచానా, లోపలికి రానివ్వకు.

పోలయ్య