జొవేసా నన్ను తిట్టడం మానేశాడు

సువా పెద్దాఫీసులో సిబ్బంది బాగోగులు చూసే మార్జరీ అమ్మగారికి,

తవేఉని దీవిలో సబ్బుల షెడ్డులో కొబ్బరినూనె బాన కలియబెట్టే మానోవా చేసుకునే ఫిర్యాదు. తమరు ఆస్ట్రేలియా నుంచి కొత్తగా వచ్చారని, ఎంత చిన్నవాడి మాటైనా వింటారని పడవ సరంగు చెప్పాడు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

మా సూపర్‌వైజరు జొవేసా నన్ను మర్యాదగా చూస్తున్నాడు. దీన్ని వెంటనే ఆపించాలి.

మొన్నమొన్నటి దాకా వాడూ నేనూ ఒకే బాన దగ్గర గరిటె తిప్పినవాళ్ళం. మా ఊరికీ వాళ్ళ ఊరికీ తౌవు, అంటే మా తాతల నాటి దేవుళ్ళు చుట్టాలు. కాబట్టి నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాలి, వాడు నన్ను తిట్టాలి. నా సామాను వాడెత్తుకుపోవచ్చు, వాడిది నేనెత్తుకుపోవచ్చు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. తిట్టకపోతేనే తప్పు. పొద్దున్నే వాడొచ్చి "ఏరా ఉడకని చేమదుంపా, ఇంకా బతికే ఉన్నావా" అంటే తప్ప నాకు టీ గొంతు దిగేది కాదు. సూపర్‌వైజరు అయినప్పటి నుంచీ "మానోవా గారూ, బాగున్నారా" అంటున్నాడు. నేనేం పాపం చేశానని?

అది చాలదన్నట్టు సబ్బులు కోసే తిమోది ఒకడు. వాడిదీ మా ఊరే. వాణ్ణి మాత్రం కడుపారా తిడుతున్నాడు. నిన్న వాణ్ణి చేమదుంప అన్నాడు. అమ్మా, అది నా చేమదుంప.

ఇట్లు,
మర్యాద భరించలేని
మానోవా

తా.క.: వాడు కుర్చీ ఎక్కిన రోజు నేను సరదాకి అందరి ముందూ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మా రాజుగారికి కొట్టినట్టు అరచేతులు గుల్లగా వంచి చప్పట్లు కొట్టి, "ఏలినవారి సెలవు" అన్నాను. షెడ్డంతా పడీపడీ నవ్వింది. వాడొక్కడే నవ్వలేదు. పదవి వస్తే పళ్ళు ఊడిపోతాయి కాబోలు.

ఇంకో తా.క.: అదే రోజు నా కొత్త రబ్బరు బూట్లు పోయాయి.

---

మానోవా గారికి,

మీ ఉత్తరం చదివి ఆ రోజంతా నాకు భోజనం సహించలేదు. భయపడిన ఉద్యోగులు జరిగినదాన్ని తలకిందులు చేసి రాస్తారని బ్రిస్బేన్‌లో శిక్షణ ఇచ్చినప్పుడే మాకు చెప్పారు. "మర్యాదగా చూస్తున్నాడు" అని మీరు రాసిన చోట అసలు ఏముందో నాకు అర్థమైంది. ఆ మనిషి మీ నెత్తిమీదే నిలబడి ఈ ఉత్తరం రాయించాడేమో అని కూడా అనుమానం వచ్చింది.

ఇక మీరు ఒంటరి కాదు. 'కింది ఉద్యోగులతో గౌరవంగా మెలగడం ఎలా' అన్న పుస్తకం జొవేసా గారికి పంపాను. మీతో ఇప్పటికంటే రెట్టింపు మర్యాదగా ఉండాలని గట్టిగా రాశాను.

మీ క్షేమం కోరే,
మార్జరీ

తా.క.: చేమదుంప ఇంత ఘోరమైన మాటని నాకు తెలియదు. మా క్యాంటీనులో అది వండడం మాన్పించాను.

---

మార్జరీ అమ్మగారికి, గోడకి తల కొట్టుకుంటూ మానోవా రాయునది,

పుస్తకం చేరింది. కొంప మునిగింది.

ఇప్పుడు నేను వస్తే జొవేసా కుర్చీలోంచి లేచి నిలబడుతున్నాడు. నిన్న నా కోసం బాన పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. కూర్చుంటే బాన అందదు, నిలబడితే కుర్చీ అడ్డం. సాయంత్రం అందరం కావా వేరు దంచి కలిపిన నీళ్ళు తాగేటప్పుడు కొబ్బరిచిప్ప రెండు చేతులా పట్టుకుని మొదట నాకే ఇస్తున్నాడు, నేనేదో చర్చి పెద్దనైనట్టు. అటు తిరిగి తిమోదితో "ఒరేయ్ పీచు తీయని కొబ్బరికాయా, నీ మొహం చూసి బాన పగిలిపోయేలా ఉంది, అవతలికి పో" అంటాడు. ఎంత బాగా అన్నాడమ్మా! అలాంటిది నాకు పెళ్ళినాడు కూడా తగల్లేదు. తిమోది ఆ మాట మోసుకుని బజారంతా తిరిగాడు.

నాకు కడుపు రగిలిపోతోంది. జొవేసా కూర్చునే మూల వైపు చూడ్డమే మానేశాను. మా ఆవిడ లిత్యా, "ఇంత ఏడుపెందుకు, నువ్వే ముందు ఓ తిట్టు తిట్టొచ్చుగా" అంటుంది. నేనెందుకు తిట్టాలి? కుర్చీ ఎక్కింది వాడు. దిగి రావాల్సింది వాడు.

మీకు దణ్ణం పెడతాను, ఆ పుస్తకం వెనక్కి తెప్పించండి.

ఇట్లు,
కుర్చీ బాధితుడు
మానోవా

తా.క.: బూట్లు తిమోదే ఎత్తుకుపోయాడని నా నమ్మకం. నా చేమదుంప తీసుకున్నవాడు నా బూట్లు వదులుతాడా?

---

ప్రియమైన మానోవా గారికి,

మీ ధైర్యానికి నా వందనం. మీ బాధలో కూడా తోటి ఉద్యోగి తిమోది గారి మీద జరుగుతున్న దౌర్జన్యం నాకు తెలియజేశారు. ఇంత పెద్ద మనసు నేను ఎక్కడా చూడలేదు.

ఈ మనిషి పుస్తకంతో మారే రకం కాదు. ఇక మీదట ఎవరినీ ఒక్క మాట అనకూడదని జొవేసా గారికి హెచ్చరిక పంపాను. అంతేకాదు, ఆయన్ని సువా గోదాముకి బదిలీ చేశాను. అక్కడ ఆయన కింద మనుషులెవరూ ఉండరు, పెట్టెలే ఉంటాయి. శుక్రవారం పడవకి బయల్దేరతారు.

మీరు ఇక నిశ్చింతగా నిద్రపోండి.

మీ విజయానికి సంతోషిస్తూ,
మార్జరీ

తా.క.: వెళ్ళేలోపు బూట్ల దొంగతనం మీద విచారణ జరపమని జొవేసా గారికే అప్పగించాను. బూట్లు తన కళ్ళ ముందే ఉన్నాయనుకోమని, ఎవరూ కంగారుపడొద్దని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు.

---

అమ్మా మార్జరీ తల్లీ,

ఎంత పని చేశావు తల్లీ!

నీ ఉత్తరం వచ్చిన పడవలోనే వాడు వెళ్ళిపోయాడు. రేవుకి అందరం వెళ్ళాం. తిమోది వాడి మెడ పట్టుకుని, పోయేముందు ఒక్క మాట అనమని బతిమాలాడు. హెచ్చరిక ఉందని వాడు నోరు కుట్టేసుకున్నాడు. నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపి, "మానోవా గారూ, ఆరోగ్యం జాగ్రత్త" అన్నాడు. నా గొంతులో మంచి తిట్టు ఒకటి అడ్డంపడి ఉంది. పైకి వచ్చేలోపు పడవ కూత కూసింది.

ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాను. వాడు నన్ను ఎప్పుడూ అవమానించలేదు. అదే కదమ్మా నా ఫిర్యాదు! ఇప్పుడు బాన దగ్గర వాడి గరిటె గోడకి వేలాడుతోంది. దాన్ని చూస్తుంటే నూనె మాడబెడుతున్నాను. వాణ్ణి పంపించండి. మర్యాదగానే ఉండనివ్వండి, చచ్చినట్టు కుర్చీలో కూర్చుంటాను. తిమోదినే తిట్టుకోనివ్వండి, చెవుల్లో పీచు పెట్టుకుంటాను. పోనీ, నన్నే ఆ గోదాములో ఒక పెట్టెగా రాసుకోండి.

ఇట్లు,
బుద్ధి వచ్చిన
మానోవా

తా.క.: నా దిగులు చూడలేక తిమోది నన్ను చేమదుంపా అని పిలిచాడు. ఉప్పు లేదు.

ఇంకో తా.క.: ఇక్కడ ఒకటే వాన. బూట్లు లేవు.

---

మానోవా గారూ,

జొవేసా గారు నిన్న నా గదికి వచ్చారు. ఎందుకు మీతో అంత ముభావంగా ఉన్నారని అడిగాను. ఆయన ఇలా అన్నారు: "వాడు నాకు చప్పట్లు కొట్టాడమ్మా. అందరి ముందూ, రాజుకి కొట్టినట్టు. అలా కొట్టినవాణ్ణి ఎలా తిడతాను? ఇక నువ్వు పైవాడివి, మన తౌవు తెగిపోయింది అని చెప్పాడనుకున్నాను. తిమోదిని తిట్టిందంతా వాడికి వినపడాలనే. ఎప్పటికైనా వాడికి కడుపు మండి నా మీద పడతాడని చూశాను."

మీ మొదటి ఉత్తరం బయటికి తీసి, 'సరదాకి' అన్న మాట చదివి వినిపించాను. ఆయన నవ్విన నవ్వుకి పక్క గదుల గుమాస్తాలంతా పరుగెత్తుకొచ్చారు.

అప్పుడు చూశాను ఆయన కాళ్ళ వైపు. సువాలో ఎండ మండిపోతోంది. ఆయన కాళ్ళకి రబ్బరు బూట్లు, సైజు బాగా పెద్దవి, మడమల మీద 'మానోవా' అని రంగుతో రాసి ఉంది. కుర్చీ ఎక్కిన రోజు పొద్దున మామూలుగానే ఎత్తుకొచ్చారట. మీరు అరుచుకుంటూ వస్తారని చూస్తుంటే, మీరొచ్చి నేలమీద కూర్చున్నారట. ఆనాటి నుంచీ కుర్చీ కిందే, అందరికీ కనపడేలా పెట్టుకుని, మీరెప్పుడు లాక్కుంటారా అని ఎదురుచూశారట. మీరేమో ఆ మూలకే చూడలేదు.

బదిలీ రద్దు. వచ్చే పడవకి ఆయన అక్కడుంటారు. దీంతో పాటు ఉత్తర్వు జతచేస్తున్నాను: సూపర్‌వైజరు జొవేసా గారు ప్రతిరోజూ టీకి ముందు, నలుగురూ వినేలా, ఉద్యోగి మానోవా గారిని తిట్టవలెను.

తల దించుకుని,
మార్జరీ

తా.క.: క్యాంటీనులో చేమదుంపలు మళ్ళీ వండుతున్నారు. జొవేసా గారు ఈ కాగితం మీద రెండు ముక్కలు రాస్తానంటున్నారు. ఏం రాస్తున్నారో నేను చూడడం లేదు.

*ఒరేయ్ ఉడకని చేమదుంపా, పడవలో పుచ్చిపోయిన చేప మొహమా, ఇంకా బతికే ఉన్నావా? ఉత్తరాలు రాసి రాసి నూనె మాడబెట్టావటగా. నీ బూట్లు ఇవ్వను. నా కాళ్ళు వాటిలో కాపురం పెట్టేశాయి. మగాడివైతే రేవుకొచ్చి లాక్కో. మర్యాద పుస్తకం కూడా తెస్తున్నా, బాన కింద మంటకి పనికొస్తుంది. ఈసారి నా ముందు చప్పట్లు కొట్టావో, నీ చేతులు రెండూ అదే బానలో కలియబెట్టి సబ్బు చేసి తిమోదికి కోయడానికిస్తా.*