బాడీ మీద ఒక్క దెబ్బ

బావా,

రేపు మన ఊరి పాత లారీల వాళ్లమంతా బళ్లేసుకుని సరదాగా అరకు బయలుదేరుతున్నాం. నువ్వు పోయాక ఇదే మొదటి ప్రయాణం. ఒకప్పుడు మనిద్దరం పోర్టు బొగ్గు తోలిన లారీకి రంగు వేయించాను. నీలం అడిగితే పెయింటరు పసుపు పూశాడు. నువ్వుంటే ఊరుకునేవాడివి కాదు. నేను ఊరుకున్నాను.

పొద్దున్న బండిని షెడ్డులోంచి వెనక్కి తీశాను. ఇన్నేళ్లూ వెనక నిలబడి లారీ బాడీ మీద అరచేత్తో చరిచేవాడివి నువ్వు. రెండు దెబ్బలైతే రమ్మని, ఒకటైతే ఆగమని. ఇప్పుడు బండి వెనక కెమెరా పెట్టించుకోమని అందరూ చెబుతున్నారు. నాకేమో ఆ బొమ్మ మీద నమ్మకం లేదు. అద్దాల్లో చూసుకుంటూ మెల్లగా తీస్తున్నాను.

ఇంతలో బాడీ మీద ఒక్క దెబ్బ పడింది. ఆలోచించేలోపే నా కాలు బ్రేకు తొక్కేసింది.

దిగి చూస్తే మా అక్క. నీ చెయ్యి పడీ పడీ సొట్టపోయిన చోట తన చెయ్యి ఆనించి నిలబడింది.

"ఏటిరా, ఆపీసినావు? ఉత్తినే తట్టినాను. బండి పోనీ" అంది.

"ఇంజిను ఏటో తేడాగా ఉందక్కా" అన్నాను.

ఇంజిను బాగానే ఉంది. వెనక ఏదో అడ్డముందని నువ్వే ఆపావనుకున్నాను, బావా.